జులై 4కి బొగ్గుల గ్రిల్: 30 మంది, సగం మంది శాకాహారులు. సలహాలు కావాలి

కిరణ్_ప్లేనో · జూన్ 21, రాత్రి 9:40

అందరికీ నమస్తే. జులై 4కి, అంటే అమెరికా స్వాతంత్ర్య దినానికి, మా బ్యాక్‌యార్డ్‌లో కలుద్దామని అనుకున్నాం. పెద్దలు, పిల్లలు కలిపి 30 మంది దాకా వస్తారు. ఇన్నాళ్ళూ గ్యాస్ గ్రిల్ మీద బర్గర్లు, హాట్‌డాగ్‌లు కాల్చి కానిచ్చేవాళ్ళం. ఈసారి 22 అంగుళాల బొగ్గుల కెటిల్ గ్రిల్ (గుండ్రంగా, మూతతో ఉండేది) కొన్నాను. మన మసాలా చికెనే చేయాలని మా ఆవిడ పట్టు.

నా టెన్షన్లు మూడు. ఎవరింటికి వెళ్ళినా లెగ్ పీస్ పైన బొగ్గు, ఎముక దగ్గర పచ్చి. ఎందుకలా అవుతోంది? రెండోది, మా అత్తగారు, మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు మాంసం పెట్టిన జాలీ మీద కాల్చినవి ముట్టరు. మూడోది, ఆ రోజు ఇక్కడ టెక్సాస్‌లో ఎండ 100 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. నానబెట్టిన మాంసం బయట ఎంతసేపు ఉంచొచ్చు?

భాస్కర్_ఆస్టిన్ · జూన్ 21, రాత్రి 10:25

కిరణ్ గారూ, మసాలా సంగతి మిగతావాళ్ళు ఎలాగూ చెబుతారు. నేను నిప్పు సంగతి చెబుతాను. మీ మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

మనవాళ్ళు బొగ్గులన్నీ అడుగున సమంగా పరిచేసి, జాలీ నిండా ముక్కలు సర్దేస్తారు. అలా చేస్తే ముక్కని పక్కకి జరపడానికి చోటే ఉండదు. చర్మం నుంచి కొవ్వు కారి నిప్పుల మీద పడుతుంది, మంట లేస్తుంది, మసాలా మాడుతుంది. లెగ్ పీస్ ఎముక దాకా ఉడకడానికి ముప్పావుగంట దాకా కావాలి. పైన మాడడానికి ఐదు నిమిషాలు చాలు.

అందుకని బొగ్గులన్నీ ఒక పక్కకే నెట్టండి. రెండో పక్క అడుగు ఖాళీగా వదిలేసి, కొవ్వు కారడానికి ఒక అల్యూమినియం ట్రే పెట్టండి. చికెన్ ముందు ఈ ఖాళీ పక్కన, మూత వేసి ఉడకాలి. మూత మీది గాలి రంధ్రం చికెన్ వైపు ఉండేలా తిప్పి పూర్తిగా తెరవండి. వేడి, పొగ ముక్కల మీదుగా పోయి బయటపడతాయి. వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా అడుగు రంధ్రంతోనే. ఎక్కువ తెరిస్తే గాలి ఎక్కువ, వేడి ఎక్కువ. లోపల 375 నుంచి 400 ఫారెన్‌హీట్ ఉంటే లెగ్ పీసులకి 35 నుంచి 45 నిమిషాలు పడుతుంది. ఉడికాక నిప్పుల పక్కకి తెచ్చి, ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర కాల్చండి. మీరు కోరుకునే ఆ నల్లమచ్చలు అప్పుడు వస్తాయి.

బొగ్గులు అంటించడానికి చిమ్నీ స్టార్టర్ అనే ఇనుప గొట్టం కొనండి. కింద రెండు న్యూస్‌పేపర్ ఉండలు, పైన బొగ్గులు, అంతే. 15, 20 నిమిషాల్లో పై బొగ్గులు కూడా నివురుగప్పుతాయి. అప్పుడు గ్రిల్‌లో పోయండి. లైటర్ ఫ్లూయిడ్ మాత్రం వద్దు. ఆ వాసన చికెన్‌కి పడితే ఎంత మసాలా వేసినా పోదు.

మంట లేస్తే నీళ్ళు చల్లకండి. కొవ్వు మంట మీద నీళ్ళు పడితే నిప్పు, బూడిద చిమ్ముతాయి. ముక్కల్ని పట్టకారుతో చల్లని పక్కకి జరిపి మూత వేసేయండి. గాలి తగ్గితే మంట దానంతటదే దిగుతుంది.

సికింద్రాబాదీ · జూన్ 22, ఉదయం 7:15

భాస్కర్ అన్న చెప్పింది కరెక్ట్. మసాలా నేను చెప్తా. ఎముకతో ఉన్న లెగ్ పీసులు 5 కిలోలు అనుకుందాం. డ్రమ్‌స్టిక్స్ అయితే 40 దాకా వస్తయి.

చర్మం తీసెయ్యండి. మసాలా చర్మం మీదనే ఆగిపోతది, దిగదు. ఎముక తగిలేదాకా మూడేసి గాట్లు పెట్టండి. మొదటి పూత: ఉప్పు 60 గ్రాములు, నాలుగు నిమ్మకాయల రసం, అల్లం వెల్లుల్లి ముద్ద అరకప్పు, కాశ్మీరీ కారం మూడు పెద్ద చెంచాలు, పసుపు కొంచెం. ఇది బాగా రుద్ది గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

రెండో పూత: గుడ్డలో కట్టి నీళ్ళు కార్చిన గట్టి పెరుగు 3 కప్పులు, వేయించిన శనగపిండి 4 పెద్ద చెంచాలు, ఆవనూనె అరకప్పు, గరం మసాలా, జీలకర్ర పొడి, నలిపిన కసూరీ మేతి. ఆవనూనె ఘాటు నచ్చకపోతే మామూలు నూనె వేసుకోండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి.

పెరుగులో నీళ్ళు ఉంటే ముక్క కాలదు, ఉడుకుతది. పూత జారి నిప్పుల్లో పడ్తది. అందుకే శనగపిండి. గ్రిల్ మీద పెట్టేముందు ఎక్కువ పూతని చేత్తో తుడిచెయ్యండి. పల్చగా పట్టుకున్నది చాలు.

గుంటూరు కారం మాత్రం పూతలో ఎక్కువ వెయ్యకండి భయ్యా. వేడికి మాడి ఇంటిల్లిపాదీ దగ్గుతరు. ఘాటు కావాలంటే పక్కన పచ్చిమిర్చి చట్నీ పెట్టండి.

గ్యాస్_గోపాల్ · జూన్ 22, ఉదయం 8:02

అంత కష్టం ఎందుకండీ. గ్యాస్ గ్రిల్‌కి మూడు బర్నర్లుంటే ఒకటి వెలిగించి రెండు ఆర్పేయండి. భాస్కర్ గారు చెప్పిన రెండు పక్కలూ వచ్చేసినట్టే. ముందు 15 నిమిషాలు మూత వేసి వేడి చేయాలి, అంతే. సిలిండర్ మార్చినప్పుడు పైపు జాయింట్ దగ్గర సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసుకోండి.

పొగ రుచి రాదంటారా? మా ఇంట్లో తిన్నవాళ్ళు ఎవరూ తేడా చెప్పలేదు.

సికింద్రాబాదీ · జూన్ 22, ఉదయం 8:10

తిండి పెట్టినోళ్ళ ముందు ఎవరు చెప్తరు భయ్యా 😀

భాస్కర్_ఆస్టిన్ · జూన్ 22, ఉదయం 8:31

గోపాల్ గారి మాటలో నిజం ఉంది. అరగంటలో కాలిపోయే వాటికి బొగ్గుకీ గ్యాస్‌కీ తేడా అంతగా తెలియదు. అసలు రుచి చాలావరకు కొవ్వు, రసం వేడి మీద పడి లేచే ఆవిరి నుంచి వస్తుంది. అది గ్యాస్ మీద కూడా లేస్తుంది. బొగ్గు తేడా చూపించేది ఎక్కువసేపు కాల్చేవాటికి, పొగకి చెక్క ముక్క వేసినప్పుడు.

వనజ_ఎడిసన్ · జూన్ 22, ఉదయం 11:48

శాకాహారుల సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరి ఇళ్ళలోనూ ఇదే వరస. మగవాళ్ళంతా చికెన్ చుట్టూ మూగుతారు, మాకు చివర్లో ఫాయిల్‌లో చుట్టిన రెండు క్యాప్సికం ముక్కలు.

కిరణ్ గారూ, మీ గ్రిల్ కొత్తది కదా. మొదటి కాల్పు శాకాహారమే చేయండి. ఒక్కసారి చికెన్ పడితే మూత లోపల కూడా కొవ్వు పేరుకుంటుంది, జాలీ ఎంత తోమినా మీ అత్తగారి మనసు ఒప్పుకోదు. ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. అదే కొలత జాలీ ఇంకొకటి కొని ఉంచండి. మొదటి గంట శాకాహారం ఒక జాలీ మీద. అది తీసి కడిగి దాచేసి, రెండో జాలీ పెట్టి చికెన్ మొదలుపెట్టండి. పట్టకారు, బ్రష్, పళ్ళేలు, నూనె గిన్నె అన్నీ రెండు సెట్లు. పాత గ్యాస్ గ్రిల్ మీద బర్గర్లు కాల్చారు కాబట్టి వాళ్ళ కోసం దాన్ని వాడకండి. వచ్చే ఏడాది నుంచి కావాలంటే చిన్న పోర్టబుల్ గ్రిల్ ఒకటి వేరుగా పెట్టుకోండి.

ఇంకో సంగతి. ఇక్కడ పుట్టిన పిల్లలు ఆ రాత్రి మార్ష్‌మెలోలు కాలుస్తామంటారు. మామూలు మార్ష్‌మెలోలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. శాకాహారుల పిల్లల కోసం వీగన్ రకం తెండి. బార్బెక్యూ సాసు సీసా వెనక కూడా చదవండి. వూస్టర్‌షైర్ సాసు కలిపి ఉంటే అందులో సాధారణంగా ఆంకోవీ చేపలు ఉంటాయి. బ్రెడ్ బన్నుల మీద గుడ్డు పూత ఉండొచ్చు. పెద్దవాళ్ళు తిన్నాక ఎవరో చదివి చెప్పడం కంటే ముందే చూసుకోవడం మంచిది.

వంటకాలు సాయంత్రం రాస్తాను, మీటింగ్ ఉంది.

కిరణ్_ప్లేనో · జూన్ 22, మధ్యాహ్నం 1:20

వనజ గారూ, మార్ష్‌మెలో సంగతి నాకు తట్టనే లేదు. థాంక్యూ. రెండో జాలీ ఈ రోజే ఆర్డర్ చేస్తున్నాను.

భాస్కర్ గారూ, సగం గ్రిల్ మీదే అంటే ఒక్కసారికి ఎన్ని ముక్కలు పడతాయి? 40 లెగ్ పీసులు ఎప్పటికి అవుతాయి?

భాస్కర్_ఆస్టిన్ · జూన్ 22, మధ్యాహ్నం 2:05

22 అంగుళాల దాంట్లో చల్లని పక్కన 15, కాస్త సర్దితే 18. అంటే మూడు విడతలు, రెండు గంటలు పైనే. ఒక దారి ఉంది. రెండు, మూడు విడతల చికెన్‌ని లోపల ఓవెన్‌లో 375 దగ్గర పూర్తిగా ఉడికించి, వేడి వేడిగానే బయటికి తెచ్చి నిప్పుల మీద కాల్చండి. సగం ఉడికించి ఆపి, గంట తర్వాత కాలుద్దాం అనుకోవద్దు. గోరువెచ్చటి పచ్చి చికెన్‌లో సూక్ష్మజీవులు పెరగడానికి అదే సరైన సమయం.

థర్మామీటర్ తప్పనిసరి. లావుగా ఉన్న చోట, ఎముకకి తగలకుండా గుచ్చాలి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం కోడికి 165 ఫారెన్‌హీట్, కీమాకి 160, చేపకి 145, మేక, గొర్రె ముక్కలకి 145 వచ్చాక మూడు నిమిషాలు ఆగాలి. ఇండియాలో ఉన్నవాళ్ళకి 165 అంటే 74 సెల్సియస్. లెగ్ పీసులు మాత్రం 180 దాకా పోనివ్వండి. 165కే తింటే ప్రమాదం లేదు కానీ ఎముక దగ్గర మాంసం సాగుతుంది. తొడల్లో కీళ్ళ దగ్గరి గట్టి కణజాలం ఆ వేడికి కరిగి మెత్తబడుతుంది. బ్రెస్ట్ ముక్కకి ఇది వర్తించదు, 165 దాటితే పీచు పీచే.

ఇంకోటి, చిమ్నీ నిండా బొగ్గులు గంట సేపు బాగా కాలతాయి. రెండో విడతకి ముందే ఇంకో చిమ్నీ సగానికి పైగా నింపి పక్కన అంటించి ఉంచండి. పచ్చి బ్రికెట్లు (అచ్చుపోసిన బొగ్గు దిమ్మలు) నేరుగా పోస్తే అంటుకునేదాకా ఘాటు పొగ వస్తుంది.

డాక్టరమ్మ_హ్యూస్టన్ · జూన్ 22, సాయంత్రం 4:50

కిరణ్ గారి మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది. మామూలుగా వండిన తిండి అయినా, పచ్చి మాంసం అయినా బయట రెండు గంటలు మించకూడదు. 90 ఫారెన్‌హీట్ దాటిన ఎండలో ఒక గంటే. మీ ఊళ్ళో ఆ రోజు గంటే లెక్క. నానబెట్టిన చికెన్ ఐస్ పెట్టెలో పెట్టి, విడతకి సరిపడా మాత్రమే తీయండి. పెరుగు పచ్చళ్ళు, కోసిన పుచ్చకాయ ముక్కలు కూడా ఐస్ మీదే. కూల్‌డ్రింకులకి వేరే ఐస్ పెట్టె ఉంచండి, పిల్లలు దాన్ని నిమిషానికోసారి తెరుస్తారు.

పచ్చి చికెన్ తెచ్చిన పళ్ళెంలోనే కాల్చిన చికెన్ పెట్టకండి. పచ్చి చికెన్ నానగా మిగిలిన మసాలాని (మారినేడ్) బ్రష్‌తో పైన పూయకండి. పూతకి కావాలంటే మొదట్లోనే కొంచెం వేరే గిన్నెలో తీసిపెట్టుకోండి.

గ్రిల్ తోమే ఇనుప తీగల బ్రష్ ఇంట్లో ఉంటే పారేయండి. ఊడిన తీగ ముక్క జాలీకి అంటుకుని, తిండిలోకి వెళ్ళి, గొంతులో, పేగులో గుచ్చుకున్న కేసులు మా ఆసుపత్రికి వస్తుంటాయి. వేడి జాలీని సగం ఉల్లిపాయని ఫోర్క్‌కి గుచ్చి రుద్దండి, లేదా ఫాయిల్ ఉండతో.

వనజ_ఎడిసన్ · జూన్ 22, రాత్రి 8:30

ఇప్పుడు మా వంతు.

పనీర్: అంగుళంన్నర ముక్కలు, అంతకన్నా చిన్నవి వద్దు. ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ళలో 15 నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. సికింద్రాబాదీ గారి రెండో పూతే, అందులో వెల్లుల్లి లేకుండా అల్లం ముద్ద కలపండి, వాము చిటికెడు వేయండి. ఒక సీకుకి బదులు రెండు సీకులు పక్కపక్కన గుచ్చండి. అప్పుడు తిప్పినప్పుడు ముక్కలు గిర్రున తిరగవు. వెదురు సీకులైతే అరగంట నీళ్ళలో నానాలి. నేరుగా నిప్పుల మీద, ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలే. ఎక్కువసేపు పెడితే రబ్బరే.

మొక్కజొన్న: ఇక్కడి స్వీట్‌కార్న్ మన నాటు పొత్తుల్లా గట్టిగా ఉండదు. ఎనిమిది, పది నిమిషాలు తిప్పుతూ కాలిస్తే చాలు. నిమ్మచెక్క ఉప్పూ కారంలో అద్ది రుద్దండి. వెన్నా, చీజూ పూయడం మీ ఇష్టం, మా ఇంట్లో పిల్లలకి మాత్రమే.

అసలైనది వంకాయ. గ్రిల్ అంటే మనకేదో కొత్త విద్య అనుకుంటారు గానీ, కుంపటి మీద వంకాయ కాల్చి పచ్చడి చేయని అమ్మమ్మ ఉందా? పెద్ద నల్ల వంకాయలు మూడు తీసుకుని, నూనె రాసి, చాకుతో నాలుగు చోట్ల పొడవండి. పొడవకపోతే పేలుతుంది. నిప్పుల పైన జాలీ మీద పెట్టి, ఐదేసి నిమిషాలకోసారి తిప్పండి. 20, 25 నిమిషాల్లో తొక్క నల్లబడి కాయ చతికిలబడుతుంది. గట్టిగా నిలబడి ఉంటే ఇంకా కాలలేదన్నమాట. పక్కనే నాలుగు టమాటాలు, పది పచ్చిమిరపకాయలు కాల్చండి. వంకాయని మూతపెట్టిన గిన్నెలో పది నిమిషాలు ఉంచితే తొక్క ఊడొస్తుంది. కొళాయి కింద కడగకండి, పొగ వాసనంతా పోతుంది.

పచ్చిమిర్చి, ఉప్పు, జీలకర్ర, నానిన చింతపండు కొంచెం కచ్చాపచ్చాగా దంచి, టమాటా వేసి, చివర్లో వంకాయని చేత్తో మెదిపి కలపండి. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు. పెద్దవాళ్ళు ఉల్లి, వెల్లుల్లి తినకపోతే ఇంగువే చాలు. తినేవాళ్ళకి పచ్చి ఉల్లిపాయ ముక్కలు పక్కన పెట్టండి. మా తెలంగాణ ఫ్రెండ్ నువ్వుల పొడి వేస్తుంది, అదీ బాగుంటుంది. మిక్సీ మాత్రం తిప్పొద్దు.

అదే వంకాయని కమ్మటి పెరుగులో కలిపితే పెరుగు పచ్చడి. ఎండలో చల్లగా పోతుంది. వేడి వేడి అన్నం ఓ గిన్నె పెట్టండి, మొదట అయిపోయేది ఇదే చూడండి.

చిలగడదుంపలు ఫాయిల్‌లో చుట్టి నిప్పుల అంచున పడేయండి. గంటకి తీయండి. చెప్పడానికేమీ లేదు.

గోదారోడు · జూన్ 23, ఉదయం 6:05

చేపల గురించి ఒక్కళ్ళూ అడగలేదంటే ఆశ్చర్యంగా ఉందండీ.

అమెరికాలో క్యాట్‌ఫిష్ ఫిలే గ్రిల్ మీద పెట్టకండి, విరిగి నిప్పుల్లోకి పోద్ది. వంజరం ముక్కలు, చందువ, పండుగప్ప బాగుంటాయి. మన ఇండియన్ షాపుల్లో ఫ్రోజెన్ దొరుకుతాయి. లేదంటే చర్మంతో ఉన్న సాల్మన్, అదీ కాదంటే మొత్తం తిలాపియా. రెండు జాలీల మధ్య చేపని బిగించే మడత బుట్ట ఒకటి కొనుక్కోండి, తిప్పడం సుఖం.

కారం, ఉప్పు, పసుపు, ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి. పులుపుకి నిమ్మరసం కాకుండా చిక్కటి చింతపండు గుజ్జు వేయండి. నిమ్మరసంలో చేప గంటసేపు నానితే పైన తెల్లబడి పిండిలా అయిపోద్ది. చింతపండు పూతై పట్టుకుంటుంది. అరగంట చాలు. కరివేపాకు, మిరియాలు దంచి వేస్తే ఇంకా బాగుంటుంది.

జాలీ బాగా కాగాలి, నూనె గుడ్డతో తుడవాలి, చేపకి కూడా నూనె రాయాలి. పెట్టాక కదపకండి. అంటుకున్నట్టు ఉంటే ఇంకా కాలలేదని అర్థం, కాలాక అదే వదుల్తుంది. భయముంటే అరిటాకులో చుట్టండి. ఏషియన్ షాపుల్లో ఫ్రోజెన్ అరిటాకులు ఉంటాయి, నిప్పు మీద కాస్త వేడి చేస్తే విరక్కుండా మడతపడతాయి.

రొయ్యలు పెద్దవి తీసుకోండి. ఒక్కో వైపు రెండు నిమిషాలు. వంగి గులాబీ రంగొస్తే తీసేయండి. గుండ్రంగా చుట్టుకుపోయాయంటే ఆలస్యమైపోయినట్టే.

రంప_కుర్రాడు · జూన్ 23, ఉదయం 10:12

మా మారేడుమిల్లి బొంగు చికెన్ ట్రై చేయండన్నా. నూనె చుక్క ఉండదు. పచ్చి వెదురు బొంగు, ఒక పక్క కణుపు ఉండాలి. మసాలా పట్టించిన చిన్న ముక్కలు లోపల కూరి, మూతికి ఆకు కుక్కి, మంట మీద తిప్పుతూ అరగంట నుంచి ముప్పావుగంట. బొంగులోని తడికే లోపల ఉడుకుతుంది. బొంగు బయట నల్లబడాలి గానీ లోపలికి కాలకూడదు.

భాస్కర్_ఆస్టిన్ · జూన్ 23, ఉదయం 10:40

బాగుంటుంది కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. షాపులో అమ్మే ఎండు వెదురు కర్రలు వద్దు, మందులు కొట్టి ఉంటారు, పైగా తడి ఉండదు కాబట్టి అంటుకుంటాయి. ఎవరి పెరట్లోనైనా మందులు కొట్టని పచ్చి వెదురు ఉంటే సరే. కణుపుకీ కణుపుకీ మధ్య రెండు వైపులా మూసి ఉన్న గదిని నిప్పు మీద పెడితే ఆవిరికి పేలుతుంది, ఒక వైపు తెరిచి ఉండాలి. 30 మంది విందులో మొదటిసారి ప్రయోగం చేయొద్దు కిరణ్ గారూ.

తుమ్మబొగ్గు_కడప · జూన్ 23, మధ్యాహ్నం 12:30

టెక్సాస్‌లో మీరంతా గొప్పగా చెప్పుకునే మెస్కీట్ చెక్క ఉంది కదా, అది మా సర్కారు తుమ్మకి దాయాది. రెండూ ఒకే ప్రజాతి చెట్లు. 1870ల చివర్లో బ్రిటిష్ వాళ్ళు తెప్పించి మా కడప వైపు నాటారు. ఇప్పుడు చెరువు గట్టు, బీడు భూమి, ఎక్కడ చూసినా అదే. పొలాలు పాడయ్యాయని తిట్టుకుంటాం గానీ మా దగ్గర బొగ్గు బట్టీలు నడిచేది దాంతోనే. హోటళ్ళ తందూరీకి, ఇస్త్రీ బండ్లకి పోయేది ఈ బొగ్గే. మీరు దాన్ని సంచుల్లో డాలర్లు పెట్టి కొంటున్నారంటే నవ్వొస్తుంది.

బొగ్గు గట్టిగా ఉండాలి, తట్టితే ఖంగుమనాలి. మెత్తగా పొడి రాలితే అది తొందరగా బూడిదవుతుంది. ఇక్కడ మిద్దె మీద కాల్చేవాళ్ళకి ఒక మాట: మే నెల మధ్యాహ్నం ఎవరూ నిలబడలేరు, ఏడు దాటాక మొదలుపెట్టండి. వానొచ్చిందని రాజుకున్న కుంపటిని గదిలోకి మాత్రం తేవద్దు. పొగ కనబడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. ఏటా చలికాలం మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని పోయినవాళ్ళ వార్తలు చూస్తూనే ఉన్నాం.

భాస్కర్_ఆస్టిన్ · జూన్ 23, మధ్యాహ్నం 1:15

ఈ చుట్టరికం నాకు కొత్త. మెస్కీట్ పొగ ఘాటుగా ఉంటుంది, చికెన్‌కి పిడికెడంత ముక్క ఒక్కటి చాలు. మా సెంట్రల్ టెక్సాస్ వాళ్ళు బ్రిస్కెట్‌కి (ఆవు రొమ్ము మాంసం) పోస్ట్ ఓక్ అనే ఓక్ రకం చెక్క వాడతారు. అది 225, 250 దగ్గర పది పన్నెండు గంటలు సాగే పని, ఇక్కడివాళ్ళు బార్బెక్యూ అనేది దాన్నే. మనం చేసేది గ్రిల్లింగ్ అని పక్కింటి టెక్సన్ సరిదిద్దుతాడు, నవ్వి ఊరుకోండి.

అన్నట్టు బ్రికెట్ల సంగతి. 1920ల్లో హెన్రీ ఫోర్డ్ కార్ల చెక్క భాగాలు కోయగా మిగిలిన చెత్తతో వీటిని పెద్దఎత్తున చేయించాడు. అన్నీ ఒకే సైజు కాబట్టి వేడి నిలకడగా ఉంటుంది. కిరణ్ గారికి మొదటిసారి కాబట్టి బ్రికెట్లే మేలు. మీ గుండ్రటి కెటిల్ కూడా అలాంటిదే. 1952లో షికాగోలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, నీళ్ళలో తేలే లోహపు బోయాలు చేసే వర్క్‌షాప్‌లో, బోయా డొప్పతో చేశాడు. గాలికీ వానకీ తట్టుకునే మూత కోసమే ఆ తంటా. కాబట్టి మూత వాడండి. మనవాళ్ళు దాన్ని పక్కన గడ్డిలో పడేసి, అట్టముక్కతో విసురుతూ కూర్చుంటారు.

సిరి_చికాగో · జూన్ 23, సాయంత్రం 6:44

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాది అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, చెక్క బాల్కనీ. చిన్న బొగ్గుల గ్రిల్ పెట్టుకోవచ్చా?

గ్యాస్_గోపాల్ · జూన్ 23, సాయంత్రం 7:01

వద్దమ్మా. చాలా ఊళ్ళ ఫైర్ కోడ్ ప్రకారం అపార్ట్‌మెంట్లలో బొగ్గులు, మంట ఉన్న గ్రిల్ చెక్క బాల్కనీ మీద గానీ, అంటుకునే గోడకి 10 అడుగుల లోపు గానీ పెట్టకూడదు. లీజులో కూడా రాసి ఉంటుంది. ఎలక్ట్రిక్ గ్రిల్ ఒప్పుకుంటారేమో ఆఫీసులో అడుగు. లేదంటే పార్కుల్లో ఇనుప గ్రిళ్ళు ఉంటాయి కదా, బొగ్గులు తీసుకెళ్తే చాలు.

మటన్_మధు · జూన్ 23, రాత్రి 9:20

అన్నా, మేక మాంసం గ్రిల్ చేయొచ్చా? ఇంత పెద్ద థ్రెడ్‌లో మటన్ లేకపోతే ఎలా.

సికింద్రాబాదీ · జూన్ 23, రాత్రి 9:41

మేక తొడ ముక్కలు నేరుగా పెడితే చెప్పు తోలే. రెండు దార్లు. గొర్రె చాప్స్ తీస్కో, పచ్చి బొప్పాయి ముద్ద కిలోకి ఒక పెద్ద చెంచా, రెండు గంటలు. బొప్పాయి రాత్రంతా ఉంచితే మాంసం గుజ్జు గుజ్జు అయితది. లేకపోతే కీమా. కొవ్వు ఐదో వంతు ఉండాలి, లేకుంటే పొడిపొడి. ఉల్లిపాయ తురిమి నీళ్ళు గట్టిగా పిండెయ్యి. ఉప్పు వేసి బాగా పిసికి, గంట ఫ్రిజ్‌లో పెట్టు. చల్లగా ఉన్నప్పుడే సీకుకి పట్టుకుంటది. సీకు జారుతుంటే పట్టించుకోకు, టిక్కీల్లెక్క చేసి కాల్చు.

పత్తర్ కా గోష్త్ కూడా చెయ్యొచ్చు. మందపాటి గ్రానైట్ పలకని బొగ్గుల మీద నెమ్మదిగా వేడి చేసి, పల్చటి మటన్ ముక్కలు వేస్తరు. పాలిష్ చేసిన కౌంటర్ టాప్ ముక్క వద్దు, పగిలే ప్రమాదం ఉంది.

కిరణ్_ప్లేనో · జూన్ 24, రాత్రి 10:15

అందరూ చెప్పిందాన్నిబట్టి ఇలా అనుకుంటున్నాను. ముందురోజు రాత్రి చికెన్ నానబెట్టడం. ఆ రోజు సాయంత్రం 5కి మొదటి చిమ్నీ. 5:20కి వంకాయలు, టమాటాలు, దుంపలు. 5:45కి మొక్కజొన్న, పనీర్. 6:15కి పెద్దవాళ్ళ భోజనం. జాలీ మార్చి, రెండో చిమ్నీ పోసి 6:20కి చికెన్ మొదటి విడత. మిగతాది ఓవెన్‌లో. 7:15కి అందరూ తినడం. చేప ఈసారికి వద్దు, మా ఇద్దరికీ చేతులు చాలవు. ఏమైనా మరిచిపోయానా?

వనజ_ఎడిసన్ · జూన్ 24, రాత్రి 10:40

వంకాయ 4:45కే ఎక్కాలి. పచ్చడి చల్లారి ఉప్పూ పులుపూ పట్టాలంటే టైమ్ కావాలి. అంటే చిమ్నీ 4:20కి. అప్పుడు 5:45కి నిప్పులు తగ్గిపోతాయి, పనీర్‌కి ముందు 20 కొత్త బొగ్గులు రాజేసి వేయండి. చిలగడదుంపలు కూడా అప్పుడే ఎక్కించేస్తే 6కల్లా మెత్తబడతాయి. పెద్దవాళ్ళని నీడలో కూర్చోబెట్టండి, గ్రిల్ పొగ అటు పోకుండా గాలి చూసుకోండి.

భాస్కర్_ఆస్టిన్ · జూన్ 24, రాత్రి 11:02

రెండో చిమ్నీ 5:55కి అంటించండి. రాజుకున్న చిమ్నీని గడ్డి మీద పెట్టకండి, కాంక్రీట్ మీదో ఇటుకల మీదో పెట్టండి. జులైలో మీ కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటలు పెట్టకూడదన్న నిషేధం) ఉంటే బయటి గ్రిల్‌కి ఏ నిబంధనలున్నాయో ముందురోజు సైట్‌లో చూసుకోండి. మామిడిపండు, తేనె కలిపిన తియ్యటి సాసు ఏదైనా పూయాలనుకుంటే ఆఖరి ఐదు నిమిషాల్లోనే, ముందే పూస్తే చక్కెర మాడుతుంది.

అయ్యాక మూత, రెండు రంధ్రాలూ మూసేయండి, గాలి లేక బొగ్గులు ఆరిపోతాయి. మిగిలిన బొగ్గులు మళ్ళీ వాడుకోవచ్చు. బూడిద మాత్రం రెండు రోజులు గ్రిల్‌లోనే ఉంచి, ఆ తర్వాత మూతున్న ఇనుప డబ్బాలో పోయండి. ఆ రాత్రే ప్లాస్టిక్ చెత్తబుట్టలో పోయకండి, లోపల నిప్పు ఇంకా ఉంటుంది.

కిరణ్_ప్లేనో · జూన్ 24, రాత్రి 11:10

సరే సార్. ఇనుప డబ్బా కూడా లిస్టులో రాసుకున్నాను. థర్మామీటర్ రేపు వస్తోంది, ఈ శనివారం మా నలుగురికే నాలుగు లెగ్ పీసులతో ట్రయల్ వేస్తాం. గ్రిల్ మొదటి కాల్పు శాకాహారమే అవ్వాలన్నారు కాబట్టి ఆ ట్రయల్ పాత గ్యాస్ గ్రిల్ మీద, గోపాల్ గారి పద్ధతిలో.

గ్యాస్_గోపాల్ · జూన్ 24, రాత్రి 11:14

చూశారా, చివరికి ఎక్కడికి వచ్చారో 😄